కొట్టే చేతుల వెనక కడుపునొప్పి

మా బాబుకి ఆటిజం ఉందని మూడేళ్లు దాటాక తెలిసింది. అది మందులతో తగ్గే జబ్బు కాదు, వాడి మెదడు తీరే అంత. నేను చెప్పేది వాడు కొట్టడం, కొరకడం తగ్గిన సంగతి.

నాలుగున్నరేళ్లప్పుడు మొదలైంది. అంతకుముందు కోపం వస్తే నేల మీద పడి దొర్లేవాడు, అంతే. ఉన్నట్టుండి చెల్లి జుట్టు పట్టి లాగడం, నా భుజం కొరకడం, తల గోడకేసి కొట్టుకోవడం. బెంగళూరులో మారతహళ్లి దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. ఆ చప్పుడుకి పక్కింటివాళ్లు కంగారుగా వచ్చేవారు. ప్లేస్కూల్ వాళ్లు ఇక పంపొద్దన్నారు. నెల్లూరు నుంచి వచ్చిన అత్తయ్య "దిష్టి తగిలిందమ్మా" అంటూ ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి పోసేవారు. ఆవిడ ప్రేమ అది, నేనెప్పుడూ కాదనలేదు.

హోసూర్ రోడ్డులోని నిమ్హాన్స్‌కి, అంటే మనసుకీ మెదడుకీ వైద్యం చేసే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరుగారు వాడి ప్రవర్తన గురించి అడగకముందే చెవులు, పళ్లు చూపించారా, రాత్రి నిద్రపోతున్నాడా, రోజూ విరేచనం అవుతోందా అని అడిగారు. మాటలు రాని పిల్లవాడు ఎక్కడ నొప్పో చెప్పలేడు, ఆ బాధ ఇలా బయటికొస్తుంది అన్నారు. మావాడు పెరుగన్నం, ఒకే రకం బిస్కెట్లు తప్ప ముట్టడు. కంచంలో కూరముక్క కనిపిస్తే లేచిపోతాడు.

ఒక నోట్‌బుక్ పెట్టమన్నారు. ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, వెంటనే మేమేం చేశాం, ఈ మూడూ రాయాలి. మా ఆయన పక్కన ఇంకో గడి గీసి విరేచనమైన రోజులు గుర్తుపెట్టారు. కొన్ని వారాలకి ఆ పేజీలు చూస్తే నాకు కళ్లనీళ్లు ఆగలేదు. విరేచనం ఆగిన రోజుల్లోనే వాడు తల కొట్టుకుంటున్నాడు. చెల్లిని కొట్టడం మాత్రం వేరు. పాప ఏడ్చినప్పుడో, మిక్సీ వేసినప్పుడో జరుగుతోంది. ఆ చప్పుడు ఎలాగైనా ఆగాలని వాడి ఆత్రం.

పిల్లల డాక్టరు మలబద్ధకం తగ్గడానికి లాక్టులోజ్ సిరప్ రాసి, మధ్యలో ఆపొద్దన్నారు. కడుపు తేలికపడ్డాక తల కొట్టుకోవడం దాదాపు పోయింది.

మిగిలినదానికి వాడికో దారి చూపించాల్సి వచ్చింది. థెరపిస్ట్ అరచెయ్యి బొమ్మతో "చాలు" కార్డు చేయించారు. మిక్సీ వేసేముందు దాన్ని వాడి చేతికిస్తాం. వాడు తిరిగి నాకు అందించగానే ఆపెయ్యాలి. చట్నీ సగంలో ఉన్నా సరే, ప్రతిసారీ, ఆ క్షణమే. కొడితే మాత్రం ఏదీ దక్కకూడదు. అలా మొదలుపెట్టాక ముందు కొట్టడం ఇంకా పెరిగింది. పెరుగుతుందని థెరపిస్ట్ ముందే చెప్పబట్టి తట్టుకున్నాం. ఆ రోజుల్లో నేను పొడుగు చేతుల కుర్తాలే వేసుకున్నాను. వాడు రెచ్చిపోతే పాపని అత్తయ్య పక్కగదిలోకి తీసుకెళ్లేవారు, నేను మాటలు తగ్గించి దగ్గరే కూర్చునేదాన్ని. ఆ సమయంలో బుజ్జగింపు కూడా వాడికి ఇంకో చప్పుడే.

మందు మాట కూడా వచ్చింది. ఇలాంటి తీవ్రమైన చిరాకుకి రిస్పెరిడోన్ ఇస్తారని, ఆకలి, బరువు పెరగొచ్చని, మత్తుగా ఉండొచ్చని వివరించారు. మా వాడికి అవసరపడలేదు. అవసరమై వాడుతున్న తల్లులు నాకు తెలుసు. వాళ్లని ఎవరైనా తప్పుపడితే నాకు కోపం వస్తుంది.

ఇప్పుడు వాడికి ఆరేళ్లు. కార్డు తనే వెతుక్కుని తెస్తాడు. పాప కూడా అన్న కార్డు ఇస్తే టీవీ సౌండ్ తగ్గిస్తుంది. మొన్న మళ్లీ కొరకడం మొదలైతే నోట్‌బుక్ తీశాం. ఈసారి అన్నీ అన్నం తినే వేళల్లోనే. పళ్ల డాక్టరు చూసి వెనక పన్ను పుచ్చిందన్నారు. చికిత్సకి ముందురోజు తీసుకెళ్లి ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టి, లైటు చూపించి తీసుకొచ్చాం. మర్నాడు మధ్యలో రెండుసార్లు కార్డు చూపించాడు. ఆయన ఆ రెండుసార్లూ ఆగి, తర్వాత పని పూర్తి చేశారు.