లోయలో పడే కయోటీ: 14 ఫ్రేముల లెక్క

రోడ్ రన్నర్ కార్టూన్లలో అందరి కళ్లూ పక్షి పరుగు మీదే ఉంటాయి. బొమ్మల్ని కదిలించడం నేర్చుకునేవాళ్లు చూడాల్సింది మాత్రం ఆ పక్షిని పట్టాలని వెంటపడే కయోటీ (తోడేలును పోలిన అమెరికా జంతువు) పడటాన్ని. అంచు దాటి గాల్లో నాలుగడుగులు వేస్తాడు, కిందికి చూస్తాడు, మనవైపు చూస్తాడు, పడిపోతాడు. ఎక్కడో అడుగున చిటికెడు దుమ్ము లేస్తుంది. ఏం జరగబోతోందో ముందే తెలిసినా నవ్వొస్తుంది.

ఈ పడటానికి దర్శకుడు చక్ జోన్స్ కచ్చితమైన కొలత చెప్పాడు. పైనుంచి చూస్తుండగా కయోటీ చుక్కంతయి మాయమవడానికి 18 ఫ్రేములు (ఫ్రేమంటే సినిమాలో ఒక్కో నిలిచిన చిత్రం). తర్వాత 14 ఫ్రేములు ఖాళీ లోయ. అప్పుడు దుమ్ము. 13 అయినా 15 అయినా నవ్వు పండలేదనీ, 14 దగ్గరే పండిందనీ ఆయన అనుభవం. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి మొత్తం 32 ఫ్రేములంటే సెకనున్నర కూడా కాదు. అంతసేపట్లో నిజం రాయి 9 మీటర్లు కూడా దిగదు, అంటే మూడంతస్తుల మేడంత. తెర మీద లోయ మాత్రం పాతాళంలా అనిపిస్తుంది. ఆ లోతు బొమ్మ చిన్నదయ్యే తీరులోనూ, ఆ ఖాళీలోనూ ఉంది.

చాలామంది తప్పేది ఇక్కడే. ప్రతి బొమ్మకూ ఒకే కొలత తగ్గిస్తూ పోతారు. అప్పుడు కయోటీ పడుతున్నట్టు ఉండదు, గాలి తీసిన బుడగలా ఉంటుంది. కొలత కాదు, నిష్పత్తి సమంగా ఉండాలి. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు ఉంచితే 18 ఫ్రేములకు 9 బొమ్మలు కావాలి. ప్రతి బొమ్మనూ ముందుదానిలో 70 శాతానికి గీయండి: 100, 70, 49, 34, 24, 17, 12, 8, 6. మొదటి మూడింటిలోనే సగానికి సగం అయిపోతాడు, చివరి మూడు దాదాపు చుక్కలే. ముఖం వివరాలు నాలుగో బొమ్మ నుంచి వదిలేయొచ్చు, చెవులు మాత్రం చివరిదాకా ఉంచాలి. ఆ రెండు చెవుల వల్లే చుక్క కూడా కయోటీలా కనిపిస్తుంది.

మీ సాఫ్ట్‌వేర్‌లో సెకనుకు 30 ఫ్రేములు పెట్టుకుని ఉంటే 14ని అలాగే దించకండి, ఖాళీ కురచైపోతుంది. 30 ఫ్రేములకు 17 లేదా 18, 25 ఫ్రేములకు 15 వస్తుంది. అంత సన్నని తేడాకు నవ్వు పోతుందా అంటే, పోతుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఖాళీలో కెమెరా కదలకూడదు. దుమ్ము చిన్నదిగానే ఉండాలి. పెద్ద పేలుడు గీస్తే లోయ లోతు అక్కడికక్కడే తగ్గిపోతుంది.

పడటానికి ముందు ఆగడం ఇంకా కష్టం. ఒకే బొమ్మను అలా నిలిపేస్తే ప్రాణం పోయినట్టుంటుంది. ఒళ్లంతా కదలకుండా ఉంచి చెవులు మెల్లగా వాల్చాలి, ఒక్కసారి రెప్ప వేయించాలి. సెకను దాకా సాగనివ్వొచ్చు. కొన్నిచోట్ల ఒళ్లు ముందు జారిపోతుంది, మెడ రబ్బరులా సాగుతుంది, తల మాత్రం మనల్నే చూస్తూ ఉండి చివర్లో దిగుతుంది. గండం వచ్చిపడిందని ఒంటికి తెలిసినా బుర్ర ఇంకా ఒప్పుకోలేదన్నమాట. కయోటీ స్వభావం మొత్తం ఆ సాగిన మెడలో ఉంది.

వైలీ ఇ. కయోటీ అనే పేరులోని వైలీకి మన మాట జిత్తులమారి. మనకు జిత్తులమారి అనగానే నక్కే కదా. 1949లో వచ్చిన మొదటి కార్టూన్‌కు కథ రాసింది మైకేల్ మాల్టీస్. జోన్స్ చిన్నప్పుడు చదివిన మార్క్ ట్వేన్ పుస్తకంలో కయోటీని ఎండిపోయి, ఎప్పుడూ ఆకలితో ఉండే అస్థిపంజరంలా వర్ణించారు. ఈ బక్కప్రాణి అక్కడినుంచే వచ్చింది. అసలు జంతువుల లెక్క తిరగబడి ఉండటం ఇంకో తమాషా: నిజం కయోటీ రోడ్ రన్నర్‌ కన్నా చాలా వేగంగా పరిగెత్తుతుంది. రోడ్ రన్నర్ కోకిల కుటుంబపు పక్షి, మన పొదల్లో తిరిగే జెముడుకాకికి చుట్టం.

జోన్స్ పేరుతో కొన్ని నియమాలు ప్రచారంలో ఉన్నాయి. పక్షి రోడ్డు వదిలి పోకూడదు. బీప్ బీప్ అనడం తప్ప కయోటీకి అది ఏ హానీ చేయకూడదు. కయోటీ తెప్పించుకునే సరుకంతా ఆక్మీ అనే కల్పిత కంపెనీదే. దెబ్బకన్నా పరువు ఎక్కువ పోవాలి. కయోటీ ఎప్పుడైనా మానేయొచ్చు, పంతమే మాననివ్వదు. అలాంటి నియమాలున్నట్టు తనకు తెలియదని మాల్టీస్ తర్వాతెప్పుడో అన్నాడు! కార్టూన్లలోనూ వాటిని అక్కడక్కడా దాటారు. అయినా రాసుకునేవాళ్లకు ఇవి పనికొస్తాయి, ముఖ్యంగా రెండోది. పక్షి కావాలని దెబ్బకొడితే మనకు కయోటీ మీద జాలేస్తుంది. తన ఎత్తు తనకే తగిలితేనే నవ్వు. ఆక్మీ అంటే గ్రీకులో శిఖరం అని, ఎదురుతన్నే సరుకుకు ఆ పేరు, అదో వెక్కిరింత.

ఈ జంట మధ్య మాటలు లేకపోవడం కూడా కొలిచి పెట్టిన ఖాళీయే. బీప్ బీప్ గొంతు పాల్ జూలియన్‌ది. ఆయన నేపథ్య చిత్రాలు వేసే చిత్రకారుడు. 1952లో బగ్స్ బన్నీ అనే కుందేలుతో తలపడినప్పుడు ఇదే కయోటీ మాట్లాడతాడు, తాను మేధావినని పరిచయం చేసుకుంటాడు. అక్కడ అతను వేరే మనిషి, గప్పాలరాయుడు. వేరే కార్టూన్లలో గొర్రెల కాపరి కుక్కతో తలపడే రాల్ఫ్ తోడేలుదీ అదే ఆకారం, ముక్కు మాత్రం ఎరుపు. టైమ్ కార్డు పంచ్ చేసి వచ్చే ఉద్యోగి కాబట్టి అతనికి పంతం లేదు, సాయంత్రం కాగానే ఇంటికి పోతాడు.

1965, 66లలో రూడీ లారివా అనే మరో దర్శకుడు చేసిన 11 రోడ్ రన్నర్ కార్టూన్లు తేలిపోయాయి. ఎత్తులు, సామాను, పడటం అన్నీ ఉన్నాయి. లేనిది ఆగడం. అవే సంగీతపు ముక్కలు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి, దృశ్యం మీద దృశ్యం వచ్చిపడుతుంది. ఎడిటింగ్ నేర్చుకునేవాళ్లు వీటిని కూడా చూడటం మంచిది.

కయోటీ పడేముందు ఎత్తిపట్టే చిన్న బోర్డు తెలుగులో పెట్టాలనుకుంటే ఒక చిక్కుంది. వత్తులు, గుడులు చిన్న బోర్డులో ముద్దైపోతాయి. వత్తులు లేని మాట ఎంచుకోండి, కలం లావు తగ్గించండి. ఒక్క మాటకు 20 ఫ్రేములు చాలు, మూడు మాటలైతే 40 దాకా కావాలి. అంతసేపు గాల్లో నిలబెడితే పడటం చప్పబడుతుంది. అందుకే ఒక్క మాట, "అమ్మా" కన్నా "బాబోయ్" నయం.