నాలుగో నంబరు బస్సులో శాన్ ఆంటోనియోకి

శుక్రవారం పొద్దున ఆరున్నర. ఇంకా చీకటిగానే ఉంది. డాలస్‌కి ఉత్తరాన మా హైస్కూల్ పార్కింగ్ లాట్‌లో ఆరు బస్సులు వరసగా నిలబడి ఉన్నాయి. నా మెడలో షాపరోన్, అంటే పిల్లల వెంట వెళ్లే పెద్దమనిషి అని రాసిన ట్యాగు, చేతిలో నలభై పేర్ల జాబితా, భుజాన ఒక సంచి. అందులో సూది, దారం, సేఫ్టీ పిన్నులు, జడ పిన్నులు, డజను జతల నల్ల సాక్సులు. తెల్ల సాక్సులు వేసుకొచ్చే పిల్ల ప్రతి పోటీకీ ఒకరైనా ఉంటారని పాత తల్లులు ముందే చెప్పారు.

మా అమ్మాయి స్కూలు మార్చింగ్ బ్యాండులో క్లారినెట్ వాయిస్తుంది. మైదానంలో వరసలు కట్టి నడుస్తూ వాయించే బ్యాండు అది. దాని పోటీకే ఈ ప్రయాణం. తెనాలిలో ఉన్న మా నాన్నకి ఈ సంగతి చెప్పినప్పుడు, "క్లారినెట్ అంటే మన పెళ్లి బ్యాండు వాళ్లు వాయించేదేగా? మరి పెళ్లిళ్లకి వెళ్తారా?" అని అడిగారు. లేదు నాన్నా, ఫుట్‌బాల్ మ్యాచ్‌లకి వెళ్తారు అన్నాను. ఆయనకి అది ఇంకా వింతగా అనిపించింది.

ఆ వారం సంగతి చెప్పాలి. సోమవారం నుంచి రోజూ ఏడింటికల్లా ప్రాక్టీసు. అక్టోబర్ ఆఖర్లో మాకు తెల్లారేది ఏడున్నర దాటాకే కాబట్టి, లైట్ల కిందే నడుస్తారు. అయిదు గజాలకి ఎనిమిది అడుగులు, అంటే ఒక్కో అడుగు 22.5 అంగుళాలు. ఆరడుగుల కుర్రాడైనా, అయిదడుగులు లేని మా అమ్మాయైనా అడుగు అంతే వెయ్యాలి. పైగా ఎవరు ఏ లెక్కకి ఎక్కడ నిలబడాలో రాసి ఉన్న చిన్న పుస్తకం ఒకటి. దాన్ని డాట్ బుక్ అంటారు. మా అమ్మాయి తెలుగు పుస్తకం ఎక్కడుందో ఏడాదిగా దొరకలేదు కానీ, డాట్ బుక్ మాత్రం దిండు కింద ఉంటుంది. టెక్సస్‌లో స్కూల్ సమయం బయట వారానికి ఎనిమిది గంటలకి మించి ప్రాక్టీసు చేయించకూడదని స్కూలు పోటీలు నడిపే సంస్థ యూఐఎల్ నియమం ఉంది. తల్లిదండ్రుల గంటలకి అలాంటి నియమమేదీ లేదు.

2024లో దీపావళి, హాలోవీన్ ఒకే రోజు పడ్డాయి, అక్టోబర్ 31. సరిగ్గా ఆ గురువారం రాత్రే ఫుట్‌బాల్ మ్యాచ్. ఒకే స్టేడియాన్ని నాలుగైదు స్కూళ్లు పంచుకుంటాయి కాబట్టి శుక్రవారం దొరకనివాళ్లు గురువారం ఆడతారు. నాలుగున్నరకల్లా బ్యాండు హాల్లో ఉండాలట. "పండగ పూట ఒక్కరోజు మానేస్తే ఏమవుతుందే?" అన్నాను.

"నా చోటు ఖాళీగా ఉంటుందమ్మా. అందులో ఇంకెవరూ నిలబడరు."

నిజమే. వాళ్ల ట్రంపెట్లలో అప్పటికే ఒక ఖాళీ ఉంది. ఒక అబ్బాయికి ఒక సబ్జెక్టులో 70 రాలేదు. ఇక్కడ 1984 నుంచి చట్టం ఉంది: పాస్ కాకపోతే ఆటా లేదు, పాటా లేదు. ఇప్పుడైతే కనీసం మూడు వారాలు. ఆ అబ్బాయి చోట్లో మరొకరిని పెట్టరు. చుట్టూ ఉన్నవాళ్లు వాడు ఉన్నట్టే ఆ మేర వదిలి నడుస్తారు. ఇంక నేనేం మాట్లాడతాను? బ్యాండు టీషర్టుతోనే లక్ష్మీదేవికి దండం పెట్టుకుని, నిలబడే రెండు చెంచాల పరమాన్నం తిని వెళ్లిపోయింది. మావారు గుమ్మం దగ్గర కూర్చుని, హాలోవీన్ వేషాలతో వచ్చిన పిల్లలకి చాక్లెట్లు పంచారు. ప్రమిదలు చూసి ఒక చిన్న స్పైడర్‌మ్యాన్, "మీకు గుమ్మడికాయ దొరకలేదా?" అని జాలిపడ్డాడట.

రాత్రి పదకొండింటికి ఇంటికొచ్చిన పిల్ల పొద్దున ఆరున్నరకి బస్సెక్కింది. ఇరవై నిమిషాల్లో బస్సంతా నిద్ర.

డాలస్ నుంచే ఐ-35 హైవే మీద దాదాపు 275 మైళ్ల దారి. వేకోలో బ్రాజోస్ నది దాటుతుంటే పక్కనే యూనివర్సిటీ స్టేడియం కనపడుతుంది. ఆ తర్వాత టెంపుల్‌లో బకీస్ దగ్గర ఆగాం. టెక్సస్‌లో ఉండి బకీస్ చూడలేదంటే నమ్మరు. పేరుకి పెట్రోల్ బంకు, లోపల తిరునాళ్లు. అక్కడ పద్దెనిమిది చక్రాల లారీలని రానివ్వరు. అందుకని మా వాయిద్యాల లారీ ఆగకుండా ముందుకి వెళ్లిపోయింది. రెండొందల నలభై మంది పిల్లలు బాత్‌రూముల దగ్గరా, బీవర్ నగ్గెట్స్ దగ్గరా క్యూ కట్టారు. ఆ నగ్గెట్స్ పాకం పట్టిన మొక్కజొన్న బొరుగులే, ఒకటి నోట్లో వేసుకుంటే సంచి ఖాళీ అయ్యేదాకా ఆగలేం. ఎందుకైనా మంచిదని నేను పులిహోర డబ్బా తెచ్చాను. తోటి షాపరోన్లు "లెమన్ రైసా?" అంటూ మొదలుపెట్టి ఆస్టిన్ వచ్చేలోపే ముగించారు. చింతపండు అని చెప్పే అవకాశం కూడా ఇవ్వలేదు. ఆస్టిన్ ట్రాఫిక్ గురించి చెప్పడానికేం లేదు, అది ఎప్పటిలానే ఉంది.

సాయంత్రం దారిలో ఒక స్కూలు మైదానంలో ప్రాక్టీసు అయ్యాక హోటల్‌కి చేరాం. గదికి నలుగురు. పదిన్నరకి మేం ప్రతి తలుపుకీ, చట్రానికీ కలిపి నీలం రంగు టేపు ముక్క అంటించాం. రాత్రి ఎవరైనా తలుపు తీస్తే పొద్దున టేపు ఊడి ఉంటుంది. అంత టెక్నాలజీ ఉన్న దేశంలో కాపలా ఇది! మా అమ్మాయి గదికి టేపు వేస్తుంటే లోపలినుంచి "అమ్మా, వంకరగా వేశావు" అని గొంతు.

శనివారం పొద్దున అయిదింటికి నా అసలు ఉద్యోగం మొదలైంది. షాకో అంటే తలమీద పెట్టుకునే పొడవాటి టోపీ. దాని కింద జుట్టు కాలరుకి తగలకూడదు. రెండు బిగువైన జడలు వేసి, వాటిని పైకి మడిచి పిన్నులు పెట్టాలి. తెనాలిలో మా స్కూల్లో ఎర్ర రిబ్బన్లతో రెండు జడలు మడిచి కట్టకపోతే లోపలికి రానిచ్చేవారు కాదు. పదేళ్లపాటు మా అమ్మ చేతిలో తల అప్పగించి నేర్చుకున్న విద్య ముప్ఫై ఏళ్లకి అమెరికా హోటల్ కారిడార్‌లో పనికొచ్చింది. మొదట మా అమ్మాయి స్నేహితురాళ్లు ముగ్గురు వచ్చారు. తర్వాత చూస్తే గోడవెంబడి వరస. రాగిరంగు జుట్టు, రింగుల జుట్టు, పట్టులా జారిపోయే జుట్టు. అన్నింటికంటే కష్టం ఆ జారిపోయేదే. కొబ్బరినూనె ఉంటే రెండు నిమిషాల పని, కానీ అడిగే ధైర్యం లేకపోయింది. పదిహేడు తలలు అయ్యేసరికి వేళ్లు పట్టేశాయి. ఆ తెల్ల సాక్సుల పిల్ల కూడా వచ్చింది. ఈసారి అబ్బాయి.

పోటీ పేరు బ్యాండ్స్ ఆఫ్ అమెరికా సూపర్ రీజనల్. జరిగేది ఆలమోడోమ్‌లో, 1993లో కట్టిన పెద్ద ఇండోర్ స్టేడియం. బయట మైదానంలో వాయించినది గాల్లో కలిసిపోతుంది. ఇక్కడ కప్పుకీ గోడలకీ తగిలి ఆలస్యంగా వెనక్కి వస్తుంది. తిరిగొచ్చిన శబ్దాన్ని నమ్మి వాయిస్తే అందరూ వెనకబడతారు. అందుకే చెవి పక్కన పెట్టి, ముందు నిలబడి చేతులతో తాళం చూపించే డ్రమ్ మేజర్‌ని చూడమని పిల్లలకి వారమంతా చెప్పారు.

లైన్లో నిలబడ్డ పిల్లల షాకోలకి ఈకలు గుచ్చి మేం పైకి పరుగెత్తాం. పైనుంచి చూస్తే అందరూ ఒకేలా ఉన్నారు. అందరికీ అదే టోపీ, అదే అడుగు. నా పిల్ల ఎక్కడ? పొద్దున జడలు వేస్తున్నప్పుడు ఆనవాలు చెప్పింది: "మూడో పాటలో పెద్ద వంపు వస్తుంది. ట్రంపెట్ల ఖాళీ వెతుకు. దాని ఎడమ పక్క నుంచి నాలుగోదాన్ని నేనే." మొదటి రెండు పాటలూ వినలేదు, టెన్షన్‌తో వంపు కోసమే కాచుకున్నాను. వంపు వచ్చింది. ఖాళీ కనపడింది, పన్ను ఊడిన చోటులా. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నేను చూసినంతసేపూ ఆ నాలుగోది పక్కవాళ్లతో సమంగా ఉంది. తర్వాత వంపు విడిపోయింది, మళ్లీ తప్పిపోయింది. మొత్తం ఎనిమిది నిమిషాలు కూడా లేదు.

మధ్యాహ్నం పిల్లల్ని ఆలమోకి, రివర్ వాక్‌కి తీసుకెళ్లాం. 1836లో యుద్ధం జరిగిన ఆలమో అందరూ అన్నట్టే ఊహించినదానికంటే చిన్నది. రివర్ వాక్ మాత్రం చల్లగా, వీధికి ఓ మెట్లవరస కింద, చెట్ల నీడలో బాగుంది. ఎటు చూసినా బ్యాండు టీషర్టులే.

ఫైనల్స్‌కి పద్నాలుగు బ్యాండుల్ని పిలిచారు. మాది లేదు. ఫ్లూట్లలో ఇద్దరు ముగ్గురు ఏడ్చారు, ట్రంపెట్ల వాళ్లు తల వంచుకున్నారు. మా అమ్మాయి ఏమీ అనకుండా నా సంచిలో పులిహోర డబ్బా వెతికింది. రాత్రి ఫైనల్స్‌లో ఎవరు బాగా వాయిస్తే వాళ్లకి మా పిల్లలు లేచి అరిచారు. మా పిల్లల గొంతులు అక్కడే పోయాయి.

పదకొండున్నరకి బయల్దేరాం. అమెరికాలో ఏటా ఒకసారి గడియారాలు గంట వెనక్కి జరిపే రాత్రి అదే. టెంపుల్ దాటాక నా ఫోన్లో 1:59 తర్వాత 1:00 అయింది. చూడటానికి మెలకువగా ఉన్నది నేనూ, డ్రైవరూ.

ఇంటికొచ్చేసరికి మూడున్నర. ఆ పిన్నులతో పడుకోకూడదని కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కొక్కటే తీసి స్టీలు గిన్నెలో వేస్తున్నాను.

"సోమవారం ఏడింటికే కదా?" అని అడిగాను.

జవాబు లేదు. ఎడమ జడ ఇంకా విప్పకముందే నిద్రపోయింది. గురువారం పెట్టిన ప్రమిదలు గుమ్మం దగ్గర అలాగే ఉన్నాయి, ఒత్తులు సగం కాలి.