రావి ఆకు నుంచి జమ్మి దాకా: మా మేడ మీది రంగుల ఆదివారాలు

జూన్ 15

మేడ మీద పిల్లలు కాసేపు కుదురుగా కూచుని చెట్ల బొమ్మలకి రంగులు వేయాలని మొదలుపెట్టాను. మొదటి షీటు నిలవలేదు. నెట్‌లో దొరికిన మండల (గుండ్రటి నమూనాల) చెట్టు ప్రింటు తీసి ఏడుగురు పిల్లలకి ఇచ్చాను. చెట్టు నిండా గుండ్రాలు, చక్రాలు. పావుగంటకే సగం గళ్ళు వదిలేసి లేచిపోయారు. "ఇది ఏ చెట్టు ఆంటీ?" అని మూడో అంతస్తు పాప అడిగితే నా దగ్గర జవాబు లేదు. వచ్చేసారి నుంచి పేరున్న చెట్టే గీస్తాను. అందులోని నమూనా కూడా ఆ చెట్టుదే అయ్యుండాలి.

జూన్ 29

రావి. సందు చివర చెట్టు కింద రాలిన ఆకులు పిల్లలే ఏరుకొచ్చారు. ఈనెలు పైకి వచ్చేలా ఆకుని తిరగేసి పెట్టి, పైన పలచటి కాగితం పరిచి, క్రేయాన్‌ని పడుకోబెట్టి రుద్దమన్నాను. ఈనెలన్నీ ఒక్కొక్కటిగా తేలాయి. రంగులు వేసే ముందు ఈ రుద్దుడు అయిదు నిమిషాలు ఉంటే చాలు, చేతులు వాటంతటవే నెమ్మదిస్తున్నాయి.

రావి ఆకు కాడ పొడుగు, అందుకే ఏమాత్రం గాలి వీచినా వణుకుతుంది. నేను గీసిన షీటులో ఈనెల మధ్య అలల గీతలు పెట్టింది అందుకే. చెట్టు కింద ఒక ఖాళీ పీట కూడా గీశాను. అమరావతి శిల్పాల్లో చాలాచోట్ల బుద్ధుడి రూపం ఉండదు, బోధివృక్షమూ (అది రావిచెట్టే) దాని కింద ఖాళీ ఆసనమూ ఉంటాయి. అంటే అక్కడ ఆయన ఉన్నాడనే. ఇంతే చెప్పాను. ఎనిమిదేళ్ళ పిల్ల చెట్టంతా రంగు నింపి పీట మాత్రం తెల్లగా వదిలేసింది. "ఆయన కూచున్నారు కదా, ఆయన మీద వెయ్యకూడదు" అంది. ఆ షీటు దాచుకున్నాను.

జూలై 20

కాగితం, పెన్సిళ్ళ సంగతి ఇప్పటికి తేలింది. కాగితం ఎంత దళసరో జీఎస్‌ఎంలో (చదరపు మీటరుకి ఎన్ని గ్రాములని) చెప్తారు. మామూలు జెరాక్స్ కాగితం 75 జీఎస్‌ఎం. స్కెచ్ పెన్ను పెడితే వెనక్కి దిగిపోతుంది. రుద్దడానికి మాత్రం అదే మంచిది. రంగులకి 120 జీఎస్‌ఎం తీసుకుని జెరాక్స్ షాపుకి నేనే పట్టుకెళ్తున్నాను. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటరుతో తీసినవి చెమట చేతులకి అలుక్కుపోయాయి, లేజరు ప్రింటు కదల్లేదు. అయినా ఈ ఉక్కలో అరచేయి కింద ఒక చిత్తు కాగితం పెట్టుకోమంటున్నాను.

నాలుగైదేళ్ళ వాళ్ళకి గడి ఒక సెంటీమీటరుకి తగ్గకూడదు. ఎనిమిది దాటినవాళ్ళకి అయిదు మిల్లీమీటర్లున్నా పరవాలేదు. బయటి గీత 0.8 మిల్లీమీటర్ల పెన్నుతో, లోపలి నమూనా 0.3తో గీస్తున్నాను. రెండూ ఒకే లావుంటే చిన్నవాళ్ళకి చెట్టు ఎక్కడుందో తెలియడం లేదు. పన్నెండు రంగుల డబ్బా ముందు పెడితే ఎంచుకోవడంతోనే సరిపోతోంది, అందుకే ఒక్కొక్కరికీ మూడే పెన్సిళ్ళు. పరీక్ష అట్టలకి కాగితం బిగించి ఇస్తే గాలికి ఎగరదు. సాయంత్రం మేడ నేల కాలుతోందని పొద్దున్న ఏడింటికి మార్చాం.

ఆగస్టు 10

మర్రి. నాకు అన్నిటికంటే సంతోషంగా గడిచిన ఆదివారం ఇదే. మర్రి ఊడ కిందికి దిగి నేలని అందుకుంటే అదే ఇంకో మాను అవుతుంది. శ్రీసత్యసాయి జిల్లాలో కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను అలా పరుచుకునే దాదాపు అయిదెకరాలైంది. "తాతని మనవలు మోస్తున్నట్టా?" అన్నాడు మావాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

షీటులో ఊడలన్నీ సన్నటి నిలువు పట్టీలు. పైనుంచి కిందికి, ఊపిరి వదులుతూ ఒక గీత. పీల్చేటప్పుడు పెన్సిలు ఎత్తాలి. నలభై నిమిషాలు ఎవరూ లేవలేదు. 2005లో అమెరికాలో 84 మంది కాలేజీ విద్యార్థులతో చేసిన ఒక అధ్యయనంలో ఖాళీ కాగితం మీద వేసినవాళ్ళ కంటే మండలాలో, గళ్ళ నమూనాలో నింపినవాళ్ళకి ఆందోళన ఎక్కువ తగ్గింది. వాళ్ళు పెద్దవాళ్ళు, మనవాళ్ళు చిన్నపిల్లలు. అయినా దారి చూపే గీత ఉంటే చేయి కుదురుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. అందరికీ కాదు. కింది వాటా బాబు రంగులకి కూచోలేడు. వాడికి ఆకు రుద్దడమే ఇస్తున్నాను, దానికి ఎంతసేపైనా ఉంటాడు.

ఆగస్టు 31

వేప. ఆకు అంచు రంపపు పళ్ళు బాగా కుదిరాయి. ఉగాది పచ్చడిలో పువ్వు, మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర వృక్షం, అంతవరకే మాట్లాడాం. పువ్వులు మరీ చిన్నవిగా గీశాను, మళ్ళీ గీయాలి.

సెప్టెంబరు 14

దసరా దగ్గరపడుతోంది కదా అని జమ్మి మొదలుపెట్టాను. చాలా కష్టమైన చెట్టు. ఈనెకి రెండు వైపులా వరసగా చిట్టి ఆకులు, ఉన్నవి ఉన్నట్టు గీస్తే పిల్లల పెన్సిలు మొన పట్టదు. రెండు షీట్లు చింపేశాక చెట్టు మొత్తం వద్దనుకుని ఒక్క కొమ్మ పెద్దది చేశాను. ఒక్కో చిట్టి ఆకు ఎనిమిది మిల్లీమీటర్లు. ముళ్ళు కూడా పెట్టాను, పాండవులు ఆయుధాలు దాచిన చెట్టుకి ముళ్ళు ఉండాల్సిందే అనిపించింది.

ఆకుల వరసల్లో గాండీవాన్ని కలిపేసి 0.3 పెన్నుతో గీశాను. మా మేడ మీంచి ఇంద్రకీలాద్రి కనిపిస్తుంది. అర్జునుడు తపస్సు చేసింది ఆ కొండ మీదే అంటారు, ఆయన విల్లు ఈ కొమ్మలో ఉంది, వెతకండి అని మాత్రం చెప్పి ఊరుకున్నాను. ఏ గీతా వదలకుండా వేలు పెట్టి చూసుకుంటూ వెళ్ళారు. రంగు వేయడం కంటే ఆ వెతుకులాటలోనే ధ్యాస ఎక్కువ నిలిచింది.

మొదట కనిపెట్టింది మావాడే, కానీ నోరు విప్పలేదు. విల్లు మీద కూడా ఆకుపచ్చే వేసి ఆకుల్లో కలిపేశాడు. ఎందుకురా అంటే, "ఏడాది అయ్యేదాకా ఎవరికీ కనపడకూడదమ్మా" అన్నాడు, పక్కనున్న పిల్లలకి వినపడకుండా.

వచ్చే ఆదివారానికి ఇదే షీటు ఇంకో పది కాపీలు కావాలి. ఆ విల్లు గీత ఇంకొంచెం సన్నగా.