కార్లో సంసారం, ఒళ్ళో బొంత

మా క్లాజెట్ పై అరలో మూడు క్విల్టులు, అంటే ఇక్కడివాళ్ళు గుడ్డ ముక్కలు అతికి కుట్టుకునే బొంతలు, సగంలో ఆగిపోయి ఉన్నాయి, అందులో ఒకటి మా పెద్దది పుట్టినప్పుడు మొదలుపెట్టింది, దానికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. ప్రతిసారీ అనుకునేదాన్ని, పిల్లల స్కూల్ సర్దుకోనీ, ఈ ట్రిప్ అయిపోనీ, వచ్చిన చుట్టాలు వెళ్ళనీ, అప్పుడు మిషన్ ముందు కూర్చుని ఒక వారం కదలకుండా కుట్టేస్తా అని. తొమ్మిదేళ్ళలో ఆ వారం ఒక్కసారీ రాలేదు. మొన్న పిల్లల స్కూలుకి ఫాల్ బ్రేక్ సెలవులిస్తే అమ్మతో కలిసి అలబామా వెళ్ళొచ్చాక ఆ వారం కోసం ఎదురుచూడ్డం మానేశా, అదంతా రాసుకోవాలనిపించింది.

అమ్మ ఆగస్టులో వచ్చింది, అట్లాంటాలో మా దగ్గరికి. చెల్లికి డిసెంబర్ లో డెలివరీ కాబట్టి నవంబర్ రెండో వారంలో తిరుగు ప్రయాణం. సూట్ కేస్ లో సున్నుండలు, కందిపొడి, గోంగూర పచ్చడి అన్నీ తీశాక అడుగున ఒక మూట, పాత దుప్పట్లో కట్టింది. విప్పితే తన నేత చీరలు మూడు, నాన్న పంచెలు రెండు, ఒక గళ్ళ లుంగీ. నాన్న పోయి రెండేళ్ళు అవుతోంది. నేనేం మాట్లాడలేదు, అమ్మే అంది, "చెల్లి బిడ్డకి బొంత కుడదామే, ఇక్కడ ఖాళీగా కూర్చుని ఏం చేస్తాను" అని.

నేను అప్పటికే చెల్లి బిడ్డ కోసమని షాపులో ఏనుగు బొమ్మల గుడ్డలు కొనిపెట్టా. అమ్మ వాటిని చేత్తో నలిపి చూసి "బాగున్నాయి గానీ కొత్తగుడ్డ పసిబిడ్డకి గరుగ్గా ఉంటుంది, రెండొందల సార్లు ఉతికిన గుడ్డ మెత్తదనం దీనికెక్కడిది" అంది. నిజమే, మా ఇళ్ళల్లో పురిటిబిడ్డకి పొత్తిగుడ్డలు పాతవే వేస్తారు. ఏనుగులు పక్కకెళ్ళాయి.

ఇక ట్రిప్ సంగతి. మా ఆయనకి బీచ్ కావాలి, పిల్లలకీ బీచే కావాలి, నాకేమో ఎన్నాళ్ళనుంచో జీస్ బెండ్ చూడాలని. అలబామాలో ఒక చిన్న పల్లె అది, ఇప్పుడు మ్యాప్ లో బోయ్‌కిన్ అని ఉంటుంది, అలబామా నది మూడువైపులా చుట్టుకుని తిరిగిన మెలికలో ఉంటుంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్ళు తరతరాలుగా పాత బట్టలతో కుట్టిన క్విల్టులు 2002 లో హ్యూస్టన్ మ్యూజియంలో పెట్టారు, తర్వాత న్యూయార్క్ లో విట్నీ మ్యూజియం, 2006 లో వాటి బొమ్మలతో పోస్టల్ స్టాంపులే వచ్చాయి. అట్లాంటా నించి గల్ఫ్ షోర్స్ బీచ్ కి వెళ్ళే దారికి కాస్త పక్కనే, కాబట్టి ఒప్పందం ఏంటంటే మొదట ఒకటిన్నర రోజు నాది, తర్వాత మూడు రోజులు సముద్రం.

ఇంతకుముందు ఒకసారి స్మోకీ మౌంటెన్స్ వెళ్ళినప్పుడు కుట్టుమిషన్ డిక్కీలో వేసుకెళ్ళా, క్యాబిన్ లో రాత్రిళ్ళు కుట్టొచ్చని. నాలుగు రోజులూ మూత తియ్యలేదు, వంట, పిల్లల స్నానాలు, పడుకోబెట్టడం, అయ్యేసరికి పదకొండు. అందుకని ఈసారి ఒళ్ళో పట్టేది మాత్రమే పెట్టుకున్నా. పేపర్ పీసింగ్ అంటారు, ఒక అంగుళం భుజం ఉండే ఆరుకోణాల కాగితం ముక్కలకి గుడ్డ మడిచి టాకా వేసి తర్వాత ఒకదానికొకటి అతకడం, సూదీ దారం చిన్న కత్తెరా ఉంటే చాలు, ఒక బిస్కెట్ల డబ్బాలో వంద ముక్కలు పడతాయి. అమ్మ దగ్గర బొంత. గజం వెడల్పు, గజంన్నర పొడుగు, ఇంట్లోనే నేలమీద పరిచి నాలుగు పొరలు సరిచేసి పెద్ద పెద్ద టాకాలు వేసేసి, చాపలా చుట్టి, ఒక పక్క మాత్రమే విప్పి పెట్టుకుంది. పైన పొర నాన్న పంచె, అడుగు పొర అమ్మ చీర, లోపల ఇంకో చీర, ఇంకో పంచె. గళ్ళ లుంగీ మాత్రం ఇద్దరం ముట్టుకోలేదు, మడతపెట్టి సంచిలోనే ఉంచాం.

శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరాం. అలబామా బోర్డర్ దాటాక ఫోన్ లో టైమ్ ఒక గంట వెనక్కి వెళ్ళింది, మా పెద్దది "అమ్మమ్మా నీకు కుట్టుకోడానికి ఒక గంట ఫ్రీగా వచ్చింది" అంది. అమ్మ నిజంగానే ఆ గంటా కుట్టింది. నేను ముందు సీట్లో, అమ్మ వెనక ఇద్దరు పిల్లల మధ్య. కదిలే కార్లో ఎలా కుడుతోందా అని వెనక్కి తిరిగి చూశా. సూదిని జరపట్లేదు, గుడ్డని జరుపుతోంది. ఎడమచేతి వేళ్ళతో బొంతని చిన్న చిన్న మడతలు పడేలా సూది మీదకి తోస్తోంది, నాలుగైదు మడతలు ఎక్కాక ఒక్కసారి దారం లాగుతుంది, బొటనవేలి గోటితో గీసినట్టు ఆ వరస మీద రుద్దుతుంది, మళ్ళీ మొదలు. కారు కుదుపు వచ్చినప్పుడు చెయ్యి ఆగుతుంది, పోగానే సాగుతుంది. నేను యూట్యూబ్ లో క్విల్టింగ్ నేర్చుకున్నప్పుడు ఒకామె ఇదే పని చూపించింది, రాకింగ్ అని దానికి పేరు కూడా చెప్పింది. మా అమ్మకి పేరు తెలీదు, వాళ్ళమ్మ దగ్గర చూసి పట్టుకుంది.

రాత్రి సెల్మాలో ఉన్నాం. పొద్దున్నే ఎడ్మండ్ పెట్టస్ బ్రిడ్జి మీద నడిచాం, 1965 మార్చి 7 న ఓటుహక్కు కోసం నడిచినవాళ్ళని పోలీసులు కొట్టింది ఇక్కడే అని పెద్దదానికి చెప్పా, స్కూల్లో విన్నదట, అదే అమ్మమ్మకి తిరిగి చెప్పింది తనకొచ్చిన తెలుగులో. అక్కణ్ణించి కామ్డెన్ నలభై మైళ్ళు ఉంటుందేమో. అక్కడ నది దాటి జీస్ బెండ్ వెళ్ళడానికి ఫెర్రీ ఎక్కాలి, కార్లని కూడా ఎక్కించుకునే పడవ.

ఎక్కలేదు. ఫెర్రీ దగ్గరకి ఇంకో పదిహేను నిమిషాలు ఉందనగా అమ్మ "సూది కనపడ్డం లేదు" అంది. చిన్నోడు నాలుగేళ్ళవాడు, కార్ సీట్ లో పక్కనే ఉన్నాడు. నా గుండె ఆగినంత పనైంది, రోడ్డు పక్కన ఆపేసి వాణ్ణి ఎత్తుకుని దింపి బట్టలన్నీ దులిపి, కార్ సీట్ విప్పి బయట పెట్టి, మా ఆయన ఫోన్ లైట్ వేసుకుని సీట్ల సందులన్నీ వెతికాడు. దొరకలా. చివరికి ఫోన్ స్టాండ్ కి ఉన్న అయస్కాంతం పీకి సీటు కింద తిప్పితే టక్కున అతుక్కుంది. అమ్మ మొహం చిన్నబోయింది, "ఇక బళ్ళో కుట్టను బాబూ" అంది. మా ఆయన "అదేం లేదత్తయ్యగారూ, ఈ అయస్కాంతం మీ దగ్గరే పెట్టుకోండి, సూది దీనిమీద పెట్టి తియ్యండి" అన్నారు. అప్పట్నించి మా ప్రయాణాల్లో రూల్ అదే, సూది చేతిలో లేకపోతే అయస్కాంతం మీద ఉండాలి, పిల్లాడి పక్క సీట్లో కుట్టుపని ఉండకూడదు. సీట్లు మార్చుకున్నాం, పెద్దది మధ్యలోకి వచ్చింది, అమ్మ కిటికీ వైపుకి.

ఇదంతా అయ్యేసరికి ఫెర్రీ వెళ్ళిపోయింది. రోజుకి కొన్ని ట్రిప్పులే, తర్వాతది చాలాసేపటికి గానీ లేదు. రోడ్డు మీద వెళ్తే దాదాపు నలభై మైళ్ళు చుట్టు, గంట పడుతుంది. మా ఆయన చుట్టే తిరుగుదాం అన్నారు, అమ్మ మాత్రం "ఏట్లోంచే పోదాం, కూర్చుందాం" అంది. రేవు పక్కన చెట్టు కింద దుప్పటి పరుచుకుని పులిహోర తిని, పిల్లలూ వాళ్ళ నాన్నా రాళ్ళు విసురుకుంటుంటే మేమిద్దరం బొంత పరుచుకుని చెరో వైపు కూర్చున్నాం. అమ్మది కొల్లూరు దగ్గర లంక ఊరు, కృష్ణ దాటాలంటే పడవే. ఎండాకాలం మధ్యాహ్నం భోజనాలయ్యాక, మళ్ళీ గేదెలకి పాలు తీసే వేళ దాకా, అరుగు మీద నలుగురు నాలుగు వైపులా కూర్చుని బొంత కుట్టేవాళ్ళట. ఎవరి బొంత అయితే వాళ్ళింట్లో మజ్జిగ. మూడు వారాలకి ఒకటి అయ్యేదట. "ఒక్కత్తే కూర్చుంటే ఏడాదికీ కాదు" అంది. నేను పూర్తి చెయ్యలేకపోయిన ఆ మూడూ ఒక్కదాన్నే గదిలో తలుపేసుకుని కుడదామని అనుకున్నవే.

ఫెర్రీ వచ్చింది. ఇంజన్ చప్పుడే లేదు, 2019 లో డీజిల్ తీసేసి బ్యాటరీలతో నడిచేలా మార్చారట. అమ్మ చూసి "మన బల్లకట్టే" అంది. కార్లోంచి దిగి రెయిలింగ్ దగ్గర నిలబడితే అటు ఒడ్డు కనిపిస్తూనే ఉంది, పావుగంట ప్రయాణం. 1962 లో ఈ ఫెర్రీ ఆపేశారు. అవతలి ఒడ్డు నల్లవాళ్ళు కామ్డెన్ వచ్చి ఓటు నమోదు చేసుకోడానికి ప్రయత్నిస్తున్న రోజులవి, ఏరు దాటే దారి లేకుండా చేశారనమాట. తిరిగి మొదలైంది 2006 లో, నలభైనాలుగేళ్ళ తర్వాత. ఇది చెప్తే అమ్మ చాలాసేపు నీళ్ళవైపు చూసి, "పడవ ఆపేస్తే పురుడొచ్చినవాళ్ళ గతేంటే" అని ఒక్క మాట అంది. నాకు ఓటు గురించి చదివినప్పుడు రాని ఆలోచన అది.

అవతల ఊరు అంటే ఊరుగా ఉండదు, దూరం దూరంగా ఇళ్ళు, పొలాలు, చెట్లు, రోడ్డు పక్కన అక్కడక్కడా పెద్ద బోర్డుల మీద క్విల్టుల పెయింటింగులు. ఊళ్ళో చాలామంది ఇంటిపేరు పెట్‌వే, అది ఒకప్పటి తోట యజమాని ఇంటిపేరు, బానిసలుగా ఉన్నవాళ్ళకి అదే మిగిలింది. 2003 లో పెట్టుకున్న క్విల్టర్స్ కలెక్టివ్ గదిలోకి వెళ్ళాం. బల్లల మీద మడతలు పెట్టిన క్విల్టులు, గోడలకి కొన్ని. హౌస్‌టాప్ అనే రకం ఉంది, మధ్యలో చిన్న చదరం, దాని చుట్టూ పట్టీలు, మళ్ళీ చుట్టూ పట్టీలు, పై నించి ఇంటికప్పు చూసినట్టు. గీతలు ఎక్కడా స్కేలు పెట్టినట్టు ఉండవు, ఒక పట్టీ వెడల్పవుతుంది, ఇంకోటి సన్నబడుతుంది, కానీ కన్ను తిప్పుకోలేం. నేను పావంగుళం కుట్టు అటూ ఇటూ అయితే విప్పేసే మనిషిని, అక్కడ నిలబడి నా విప్పుడంతా గుర్తొచ్చింది. కార్డురాయ్ అని గీతలు గీతలుగా మందంగా ఉండే గుడ్డతో చేసినవి కొన్ని. 1966 లో ఇక్కడివాళ్ళు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అని సహకార సంఘం పెట్టుకున్నారు, 1972 నించి సియర్స్ కంపెనీకి కార్డురాయ్ దిండు గలీబులు కుట్టి ఇచ్చేవాళ్ళు, మిగిలిన ముక్కలు ఇళ్ళకి చేరి ఇలా అయ్యాయి.

అక్కడ ఒక పెద్దావిడ కూర్చుని ఉంది, అమ్మ వయసుకంటే ఎక్కువే. అమ్మ చంకలో బొంత చూసి చెయ్యి చాపింది. అమ్మ నావైపు చూసింది, ఇచ్చెయ్ అన్నా. ఆవిడ బొంత విప్పి పైవైపు చూడనేలేదు, ముందు తిరగేసింది. వెనకవైపు కుట్లమీద వేలు పోనిచ్చి, ఒకచోట ఆగి నవ్వింది. అది నేను రేవు దగ్గర కుట్టిన వరస. ఇదెవరిది అని అడిగింది, నాది అన్నా. తర్వాత అమ్మ కుట్టు చూసి తలూపి, గుడ్డ ఎవరిది అని అడిగింది. మా నాన్నదని చెప్పా, పోయారని చెప్పా. ఆవిడ అమ్మ చెయ్యి పట్టుకుని కాసేపు అలానే ఉంది. ఇద్దరికీ ఒక్క మాట కలిసే భాష లేదు.

ఈ ఊరి క్విల్టుల గురించి చదివిన వాటిలో నన్ను అన్నిటికంటే పట్టేసింది మిజోరీ పెట్‌వే కుట్టినది. 1942 లో భర్త పోయాక ఆయన పొలం పనికి తొడుక్కున్న బట్టలన్నీ కోసి పట్టీలు చేసి క్విల్టు కుట్టుకుంది, కప్పుకోడానికి. ఇది అమ్మకి ఇంట్లో చెప్పాలనుకుని చెప్పలేకపోయా, నాన్న లుంగీ సంచిలో ఉండగా చెప్తే కొయ్యమన్నట్టు ఉంటుందని. తిరుగు ఫెర్రీలో చెప్పా. అమ్మ విని ఏమీ అనలేదు. చిన్నోడు ఒళ్ళో నిద్రపోతున్నాడు, వాడి తలమీద చెయ్యి నిమురుతూ కూర్చుంది.

బీచ్ గురించి పెద్దగా రాసేదేం లేదు, పిల్లలు ఇసుక వదలలేదు, మా ఆయన నిజంగా రెస్ట్ తీసుకున్నారు, వంట నేను చెయ్యలేదు. రెండో రోజు పొద్దున ఆరింటికి లేచి చూస్తే బాల్కనీలో అమ్మ. కాఫీ పక్కన నా కత్తెర, లుంగీ మూడు పట్టీలుగా కోసేసి ఉంది, నాలుగోది కోస్తోంది. కుట్టు ఉన్న అంచు తీసేసి, దారాలు చుట్టి పక్కన పెట్టి, గళ్ళు ఒకదానికొకటి కలిసేలా అంచులు పట్టి చూసుకుంటోంది. "చుట్టూ అంచుకి వేద్దాం, మీ నాన్న ఎప్పుడూ అరిగిపోయిన చోట ఇంకో గుడ్డ వేసి కుట్టమనేవారు" అంది. నేనూ కూర్చున్నా. పిల్లలు లేచేలోపు ఒక వైపు అంచు కొంత పడింది. నలభై నిమిషాలు అంతే. బీచ్ లో ఉన్న మూడు రోజుల్లో అలాంటివి ఎన్ని దొరికాయో లెక్కేస్తే ఆరు, అన్నీ కలిపితే రెండు వైపులు.

ఇంటికొచ్చాక స్కూలు, ఆఫీసు, పెద్దదానికి జ్వరం, అమ్మ షాపింగు. మూడో వైపు అయింది. నాలుగో వైపు మిగిలుండగానే ఎయిర్ పోర్ట్ కి వెళ్ళే రోజొచ్చింది. అమ్మకి కేటరాక్ట్ ఆపరేషన్ అయింది, సూదిలో దారం ఎక్కించుకోవడం కష్టం, ఫ్లైట్ లో కత్తెర గొడవ ఎందుకని ముందు రాత్రి పది సూదులకి దారం ఎక్కించి ముడులేసి, ఒక ఉన్ని గుడ్డ ముక్కకి వరసగా గుచ్చి, అయస్కాంతంతో సహా హ్యాండ్ బ్యాగ్ లో పెట్టా. బొంత కూడా అందులోనే.

హైదరాబాద్ లో దిగి ఫోన్ చేసింది. దోహా దాకా పక్కసీటు అమ్మాయి లైట్ వేసి పెట్టిందట, దోహాలో నాలుగు గంటలు కూర్చుని కుట్టిందట. "అయిపోయిందా అమ్మా" అంటే "జానెడు మిగిలిందే, పది సూదుల దారమూ అయిపోయింది. ఇక్కడ కొందామంటే ఆ నీలం రంగు దొరకట్లేదు" అంది. పాప డిసెంబర్ 9 న పుట్టింది. ఆ జానెడు అలా ఉండగానే కప్పారు. మాకు జనవరి 4 కి టికెట్లు, ఆ నీలం రీలు నా హ్యాండ్ బ్యాగ్ లో వేసేశా, పై అరలోంచి పెద్దదాని క్విల్టు కూడా తీసి చుట్టి పెట్టా, అక్కడ కుట్టడానికి ముగ్గురం ఉంటాం, పెద్దది కూడా సూది పట్టుకుంటే నలుగురం.