కొత్త రోడ్లు తర్వాత, ఉన్న రోడ్డు ఎందుకు పోతోందో చూడండి

రోడ్ల మాటెత్తితే చాలు వెడల్పు చెయ్యాలి, ఫ్లైఓవర్ వెయ్యాలి, బళ్లన్నీ ఎలక్ట్రిక్ అయిపోవాలి అంటారు అందరూ. వద్దనట్లేదు గానీ నాకైతే పెద్ద ఆదా ఇంకో చోట కనిపిస్తుంది, వేసిన రోడ్డుని పదికాలాలు నిలబెట్టుకోవడంలో. తవ్వి మళ్లీ వేసిన ప్రతిసారీ కంకర, తారు, డీజిల్ అన్నీ మళ్లీ మొదట్నుంచి ఖర్చే, పైగా గుంతల్లో బ్రేక్ కొట్టి ఫస్ట్ గేర్‌లో లాగే ప్రతి బండీ మైలేజీ పోగొట్టుకుంటుంది, అది ఏ లెక్కలోనూ రాయరు.

రోడ్డుని అసలు అరగదీసేది ఎవరంటే, కార్లు కాదు. 1958 నుంచి 1960 దాకా అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం ఒట్టావా దగ్గర ఆషో రోడ్ టెస్ట్ అని చేశారు. రకరకాల మందాల్లో రోడ్డు వేసి, వాటి మీద సైనికుల చేత రెండేళ్లపాటు లారీలు తిప్పించారు, వేరే పని లేదు, తిరగడమే. తేలిందేంటంటే యాక్సిల్ (రెండు పక్కల చక్రాల్ని కలిపే ఇరుసు) మీద బరువు రెట్టింపైతే రోడ్డుకి నష్టం రెట్టింపు కాదు, సుమారు 16 రెట్లు, అంటే రెండుని నాలుగుసార్లు వేసి గుణించినంత (2×2×2×2)! అంటే కారు యాక్సిల్‌కి టన్ను అనుకున్నా సరే, 10 టన్నుల లారీ యాక్సిల్ ఒక్కసారి వెళ్తే కారు యాక్సిల్ 10,000 సార్లు (10×10×10×10) వెళ్లినట్టు. రోడ్డు రకాన్ని బట్టి ఈ లెక్క అటూ ఇటూ అవుతుంది, అయినా దారి అదే.

ఇప్పుడు ఓవర్‌లోడ్ సంగతి చూడండి, 10 టన్నులు మోయాల్సిన యాక్సిల్ మీద 12 వేస్తే పెరిగిన బరువు 20 శాతమే, రోడ్డు అరుగుదల మాత్రం డబల్ దాటిపోతుంది. అదే 20 టన్నుల్ని రెండు యాక్సిళ్లకి బదులు మూడింటి మీద సమానంగా సర్దితే నష్టం మూడో వంతు కన్నా తక్కువకి పడిపోతుంది. సరుకు అదే, రోడ్డు అదే. కాకపోతే ఎక్స్‌ట్రా యాక్సిల్ అంటే ఎక్స్‌ట్రా టైర్లు, ఆ ఖర్చు ఓనరుది, రోడ్డు ఖర్చు జనాలది, ఇంక ఆయనెందుకు పెట్టుకుంటాడు? అందుకే న్యూజిలాండ్ పద్ధతి నాకు నచ్చుతుంది, అక్కడ పెద్ద డీజిల్ బళ్లకి తిరిగిన దూరం, బరువు, యాక్సిళ్లు చూసి రోడ్డు ఛార్జీ వేస్తారు.

రెండో శత్రువు నీళ్లు. వాన వెలిశాక పగుళ్లున్న రోడ్డుని దగ్గర్నుంచి చూడండి, ఒక్కోచోట పగులు పక్కన సన్నగా బురద మరక ఉంటుంది. పైనుంచి పడింది కాదది, లారీ చక్రం ఎక్కినప్పుడల్లా లోపల నిలిచిన నీళ్లు పిచికారీలా పైకి తన్నుకొచ్చి కింద పొరలోని మెత్తటి మట్టిని మోసుకొస్తాయి. అలా కొంచెం కొంచెంగా లోపల ఖాళీ అయిపోయి, పైన తారు మాత్రం బాగానే ఉన్నట్టుండి, ఓ రోజు లోపలికి కుంగిపోతుంది. అప్పుడు మనవాళ్లు ఆ గుంతలో నీళ్లు కూడా తోడకుండా రెండు తట్టల తారు-కంకర మిక్స్ పోసి పారతో తట్టి వెళ్లిపోతారు, అది నాలుగు వానలు కూడా ఆగదు. పగులు వెంట్రుకంత ఉన్నప్పుడే సీల్ చేసి, పక్క కాలువలో పూడిక తీసేస్తే సగం గోల ఉండేది కాదు.

తారు రోడ్డు మళ్లీ వాడుకోవచ్చు కూడా, పై పొరని మెషిన్‌తో గీకి ఆ ముక్కల్ని కొత్త మిక్స్‌లో కలుపుతారు, క్వారీ మీద భారం తగ్గుతుంది. వార్మ్ మిక్స్ అని ఇంకోటుంది, మామూలు హాట్ మిక్స్ కంటే ఓ 20 నుంచి 40 డిగ్రీలు తక్కువ వేడితో కలుపుతారు కాబట్టి ఇంధనం, పొగ రెండూ తగ్గుతాయి, రోడ్డు మీద పనిచేసేవాళ్లకీ కొంచెం ఊపిరాడుతుంది.

చాలాచోట్ల ఆ గీకడం కూడా ఉండదు, పాతదాని మీదే కొత్త పొర, దాని మీద ఇంకోటి, అలా రోడ్డు ఎత్తు పెరిగిపోతూ ఉంటే మ్యాన్‌హోల్ మూతలు కింద మిగిలిపోయి అవే గుంతలవుతాయి, కొత్త రోడ్డు మొదటి రోజే.