ఫుజి నది దాటితే కరెంటు మారుతుంది

టోక్యోలో మా అబ్బాయి ఇంట్లో దిగిన మర్నాడు పొద్దున్నే, గాజువాక నుంచి మోసుకెళ్లిన కరెంటు కెటిల్‌లో మా ఆవిడ నీళ్లు పెట్టింది. మన ప్లగ్గుకు గుండ్రటి కాళ్లు, అక్కడి సాకెట్టుకు రెండు సన్నటి చీలికలు. అడాప్టరు తగిలించాం. పావుగంటైనా నీళ్లు గోరువెచ్చగానే ఉన్నాయి.

"విమానంలో ఎక్కడో దెబ్బ తగిలుంటుందండీ" అంది.

దెబ్బా లేదు, ఏమీ లేదు. మన కెటిల్‌కు 230 వోల్టులు కావాలి, జపాన్ ఇళ్లకొచ్చేది 100. వోల్టేజి సగమైతే వేడి పావుకు పడిపోతుంది. మన 1500 వాట్ల కెటిల్ అక్కడ 300 వాట్లు కూడా లాగదు. సబ్‌స్టేషన్లలో ముప్పై ఏళ్లు చేసినవాణ్ణి, పెట్టె సర్దేటప్పుడే చెప్పొద్దూ? ఆ మాటా ఆవిడే అంది.

వాడి వంటింట్లో మైక్రోవేవ్‌కు అంటించిన చీటీ ఇంకా తమాషాగా ఉంది. 50 హెర్ట్జ్, అంటే కరెంటు సెకనుకు యాభైసార్లు అటూ ఇటూ ఊగేదైతే 500 వాట్లు, 60 అయితే 700. ఒక్క దేశంలో రెండు లెక్కలేమిటని మావాడికి ఏనాడూ అనుమానం రాలేదట. సాఫ్ట్‌వేరు కుర్రాడు మరి!

దీనికి మూలం 1895లో ఉంది. టోక్యోవాళ్లు జర్మనీ జనరేటర్లు కొన్నారు, అవి 50. ఆ రోజుల్లోనే ఒసాకావాళ్లు అమెరికావి కొన్నారు, అవి 60. ఎవరి ఊళ్లో వాళ్లు తీగలు లాక్కుంటూ పోయారు. ఇప్పటికీ తూర్పు జపాన్‌ది ఒక కరెంటు, పడమరది ఒకటి.

ఒసాకాకు షింకాన్‌సెన్‌ బుల్లెట్ రైల్లో వెళ్తుంటే అందరూ ఫుజి కొండకు ఫోన్లెత్తారు. నేను మాత్రం కిందనున్న ఫుజి నది కోసం చూస్తున్నాను. ఆ చుట్టుపక్కలే ఈ రెండు కరెంట్లకూ సరిహద్దు. రాళ్లూ ఇసుకా మేటవేసిన నదిని రైలు రెప్పపాటులో దాటేసింది. లైటు కూడా మిణుక్కుమనలేదు. ఎందుకు మిణుకుతుంది? ఆ రైలు లైను మొత్తం 60 హెర్ట్జే. టోక్యో వైపు 50ని 60గా మార్చి రైలుకిస్తారు.

రైలుకైతే సరిపోయింది గానీ, 2011 మార్చి భూకంపం తర్వాత టోక్యో వైపు వంతులవారీగా కరెంటు తీయాల్సి వచ్చింది. పడమటి నుంచి తెచ్చుకుందామంటే, 60ని 50గా మార్చి అటు పంపే స్టేషన్ల సత్తా అప్పటికి దాదాపు 1000 మెగావాట్లే.

మా గాజువాకలో ఉన్నదీ ఆ జాతి స్టేషనే. ఏసీని (అటూ ఇటూ ఊగే కరెంటును) డీసీ (ఒకే వైపు పారేది) చేసి, మళ్లీ ఏసీ చేసి అవతలికి తోస్తుంది. మన దేశపు తూర్పు గ్రిడ్డు, దక్షిణ గ్రిడ్డు రెండూ పేరుకు 50 హెర్ట్జే అయినా ఒకదానితో ఒకటి అడుగు కలిసేది కాదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైను కలిపాకే దేశమంతా ఒక్క తాళానికి వచ్చింది.

ఇదంతా ఓపిగ్గా విని, ఒసాకా హోటల్లో మా ఆవిడ మళ్లీ ఆ కెటిలే తీసింది.

"నది దాటాంగా, ఇప్పుడైనా కాగుతాయా?"

"హెర్ట్జులు మారాయే గానీ వోల్టులు ఇక్కడా వందే."

నా వంక ఒక చూపు చూసి, హోటల్‌వాళ్ల కెటిల్ ఆన్ చేసింది.