ఇండోర్‌లో తడి చెత్త వెంట ఒక రోజు, నర్మద ఒడ్డున ఇంకో రోజు

మన తెలుగువాళ్లకు ఇండోర్ అంటే విమానం దిగే చోటు, అంతే. ఉజ్జయిని మహాకాళేశ్వరుడు ఇక్కడికి 55 కిలోమీటర్లు, ఓంకారేశ్వరం దాదాపు 80. రాత్రి హోటల్లో నడుం వాల్చి, తెల్లవారుజామున కారెక్కి జ్యోతిర్లింగ దర్శనానికి వెళ్లిపోతారు. మేం ఈసారి రెండు రోజులు ఈ ఊరి కోసమే అట్టిపెట్టుకున్నాం. స్వచ్ఛ సర్వేక్షణ్‌లో 2017 నుంచి 2023 దాకా ఏడేళ్లు వరుసగా మొదటి స్థానం (చివరి ఏడాది సూరత్‌తో కలిసి) సంపాదించిన ఊరు ఎంత శుభ్రంగా ఉందో చూడ్డానికి రాలేదు. ఆ చెత్తలోంచి బస్సులకు గ్యాసు ఎలా తీస్తున్నారు, తాగునీటి పంపులకు కరెంటు ఎక్కడ వెతుక్కుంటున్నారు అన్నది చూడాలని వచ్చాం.

ఇది చూడాలంటే పొద్దున్నే లేచి చెత్త బండి వెనక నడవాలి. పాట పెట్టుకుని వీధిలోకి వచ్చే ఆ బండిని దగ్గరగా చూస్తే లోపల అరలు కనిపిస్తాయి. తడి చెత్తకూ పొడి చెత్తకూ పెద్దవి. ప్లాస్టిక్‌కు వేరు. డైపర్లు, శానిటరీ ప్యాడ్లకు వేరు. కాలం చెల్లిన మందులు, పురుగుల మందు డబ్బాలు, ట్యూబ్‌లైట్లకు ఒకటి. పాడైన చార్జర్లు, సెల్‌ఫోన్లకు ఇంకొకటి. మొత్తం ఆరు. బండితో వచ్చే మనిషి బకెట్ అందుకోగానే ఒరిగించి చూస్తాడు. కలిపేసి ఉంటే వేరు చేసి ఇమ్మంటాడు. ఈ ఊరి గ్యాసు ప్లాంటు భవిష్యత్తు ఆ రెండు సెకన్ల చూపు మీద ఉంది. ఇది పొగడ్త కాదు, యంత్రాల సంగతి తెలిసినవాళ్లెవరైనా ఒప్పుకునే మాట.

ఎందుకో చెబుతాం. అందరం చేసే తప్పు ఒకటుంది: కూరగాయ తొక్కల్ని బుద్ధిగా వేరు చేసి, పల్చటి ప్లాస్టిక్ కవర్లో వేసి ముడి కట్టి ఇవ్వడం. ఆ కవరు ప్లాంటులోని కత్తుల కింద దారపు పోగులుగా చీలుతుంది. ఆ పోగులు పంపు రెక్కలకు చుట్టుకుంటాయి, కలియబెట్టే కడ్డీకి జడలా అల్లుకుంటాయి. తప్పించుకున్నవి ట్యాంకులో పైకి తేలి మీగడలా అట్ట కడతాయి. అట్ట మందమైతే కింద పుట్టిన గ్యాసుకు పైకి దారి ఉండదు. అప్పుడు డైజెస్టర్‌ను, అంటే చెత్తను పులియబెట్టే ఆ మూసిన ట్యాంకును ఆపి, గ్యాసు ఖాళీ చేసి, మనుషుల్ని దించి తవ్వించాలి. వారాల పని, ప్రాణాపాయం కూడా. కోడిగుడ్డు పెంకులు, ఎముకలు, ఊడ్చిన మట్టి దీనికి తలకిందుల బాపతు. అవి అడుగున చేరి ఏడాదికింత చొప్పున ట్యాంకు లోతును మింగేస్తాయి. కొబ్బరి బోండాలు పీచు వల్ల కుళ్లవు, వాటిని విడిగా పక్కన పెట్టాల్సిందే.

వీధి బండ్లు నేరుగా ప్లాంటుకు పోవు. ఊళ్లో అక్కడక్కడా ట్రాన్స్‌ఫర్ స్టేషన్లు ఉన్నాయి. చిన్న బండి ర్యాంపు ఎక్కి, పైనుంచి కింది పెద్ద కంటైనర్లోకి కుమ్మరిస్తుంది. తడికీ పొడికీ వేర్వేరు కంటైనర్లు, లేకపోతే ఇంటి దగ్గర పడ్డ పాట్లన్నీ ఇక్కడ నీళ్లపాలవుతాయి. చాలా ఊళ్లలో జరిగేది అదే. ఇంకో సంగతి, తడి చెత్త ఏ రోజుది ఆ రోజే కదలాలి. మే నెల ఎండలో ఒక పూట నిల్వ ఉన్నా రసం కారడం మొదలవుతుంది. ఆ రసంలోనే గ్యాసుగా మారాల్సిన సరుకులో కొంత పోతుంది.

ప్లాంటు ఉన్న దేవ్‌గురాడియా ఊరికి తూర్పు దిక్కున ఉంది. అక్కడివాళ్లు ట్రెంచింగ్ గ్రౌండ్ అంటారు. నగరపాలక సంస్థ అనుమతి ముందే తీసుకోవాలి, కాళ్లకు బూట్లుండాలి, గ్యాసు ఉన్నవైపు సెల్‌ఫోన్ బయటికి తీయకూడదు. ఇక్కడి బయో సీఎన్‌జీ ప్లాంటును 2022 ఫిబ్రవరి 19న ప్రారంభించారు. రోజుకు 550 టన్నుల తడి చెత్త తీసుకుని 17 టన్నుల దాకా సీఎన్‌జీ, 100 టన్నుల సేంద్రియ ఎరువు ఇచ్చేలా కట్టారు. అంటే టన్ను చెత్తకు 31 కిలోల గ్యాసు. తక్కువనిపిస్తుంది గానీ, తడి చెత్తలో మూడొంతులు నీరేనని గుర్తుంటే అది న్యాయమైన లెక్కే. పెట్టుబడి ప్రైవేటుది, స్థలమూ చెత్తా నగరానివి. చెత్త తీసుకున్నందుకు ఆ ప్రైవేటు సంస్థకు నగరం డబ్బివ్వాల్సిన పని లేదు సరికదా, ఆ సంస్థే ఏటా రెండున్నర కోట్లు నగరానికి కడుతుంది. మన దగ్గర చెత్త తీసుకున్నందుకు నగరమే డబ్బు కట్టే టిప్పింగ్ ఫీజు ఒప్పందాలు చూసినవాళ్లకు ఇది తలకిందులుగా కనిపిస్తుంది. చెత్తలో కల్తీ లేకపోబట్టే ఈ బేరం కుదిరింది.

లోపల జరిగేది మన గోబర్ గ్యాసు కథే, కాస్త పెద్ద ఎత్తున. లారీలు లోతైన బంకర్లో కుమ్మరిస్తే, పంజా లాంటి గ్రాబ్ క్రేన్ ఎత్తి కన్వేయర్ మీద పోస్తుంది. ఇనుము, గుడ్డలు, ప్లాస్టిక్ ఏరాక మిగిలినదాన్ని నలిపి, నీళ్లు కలిపి దోసెల పిండి కంటే జారుగా చేస్తారు. ఆ నీళ్లలో ఎక్కువ భాగం డైజెస్టర్ నుంచి తిరిగొచ్చినవే. ముందు ట్యాంకులో రెండు రోజులు నానుతుంది. తర్వాత గాలి చొరబడని డైజెస్టర్లో మూడు, నాలుగు వారాలు. అక్కడి సూక్ష్మజీవులకు 35 నుంచి 38 డిగ్రీల వెచ్చదనం ఉండాలి. డిసెంబరు రాత్రుల్లో ఇండోర్ పది డిగ్రీలకు దిగుతుంది కాబట్టి వేడి చెయ్యక తప్పదు. కొత్త ట్యాంకు మొదలుపెట్టేటప్పుడు పెరుక్కు తోడు వేసినట్టు పేడ నీళ్లో, నడుస్తున్న ప్లాంటు నుంచి తెచ్చిన స్లర్రీనో (పులిసిన జారు పిండి) వేసి, మేత, అంటే చెత్త, కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతారు.

తోడు మాట వచ్చింది కాబట్టి పులిసిపోవడం గురించి కూడా చెప్పుకోవాలి. జొన్నలో అన్నమో ఒక్కసారిగా ఎక్కువ మేసిన గేదెకు పొట్ట ఉబ్బి నెమరు ఆగిపోతుంది కదా, డైజెస్టర్‌కు వచ్చేదీ అదే రోగం. పండగలప్పుడు, పెళ్లి ముహూర్తాలప్పుడు అన్నం, మిఠాయిలు, నూనె వంటకాలు బండ్ల కొద్దీ వస్తాయి. వాటిని ఆమ్లాలుగా మార్చే సూక్ష్మజీవులు చురుకైనవి, ఆమ్లాలను మీథేన్‌గా మార్చేవి నెమ్మదైనవి. పిహెచ్ (పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6.8 కిందికి జారిందంటే రెండోరకం పని మానేస్తాయి. గ్యాసు వస్తూనే ఉంటుంది, అందులో మీథేన్ వాటా పడిపోతుంది, మంట అంటుకోదు. మందు ఒకటే: మేత ఆపడం లేదా సగం చెయ్యడం, కొద్దిగా సున్నం లాంటి క్షారం కలపడం, తిరుగు స్లర్రీ పెంచడం. కంగారుపడి సున్నం బస్తాల కొద్దీ గుమ్మరిస్తే అడుగున రాయి కడుతుంది. అనుభవం ఉన్నవాళ్లు పిహెచ్ కోసం ఆగరు, ఆమ్లాలకూ క్షారతకూ ఉన్న నిష్పత్తిని రోజూ చూసుకుంటారు. అది ముందే కదులుతుంది, పిహెచ్ ఆఖరున.

బయటికొచ్చే పచ్చి గ్యాసులో మీథేన్ 55 నుంచి 60 శాతం. మిగతాది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్, కొద్దిగా కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్. ఈ మూడోది కొంచెమైనా ఇంజిన్లనూ కంప్రెసర్లనూ తినేస్తుంది, అందుకే ముందు దాన్ని తీసేస్తారు. తర్వాత పీడనంతో కార్బన్ డయాక్సైడ్‌ను వేరు చేస్తారు. భారతీయ ప్రమాణం కనీసం 90 శాతం మీథేన్ అడుగుతుంది. ఆపైన 250 బార్ల పీడనంతో సిలిండర్లలోకి.

ఈ గ్యాసులో సగాన్ని నగరం మార్కెట్ ధర కంటే కిలోకు ఐదు రూపాయలు తక్కువకు కొనుక్కోవాలని ఒప్పందం. దాదాపు 400 బస్సులు నడుస్తాయని ప్రారంభం నాడు అన్నారు. మేం లెక్క వేసి చూశాం. పెద్ద సిటీ బస్సు కిలోకు మూడున్నర కిలోమీటర్లు పోతుందనుకుని, రోజుకు 200 కిలోమీటర్లు తిప్పితే 57 కిలోలు కావాలి. సగం గ్యాసు, అంటే ఎనిమిదిన్నర టన్నులు, 150 బస్సులకు సరిపోతుంది. 400 అంటే బస్సులు చిన్నవైనా కావాలి, తిరిగే దూరమైనా తగ్గాలి. 150 కూడా తక్కువేం కాదు. ఇక్కడ నొప్పించే విషయం వేరొకటి: 2013లో మొదలైన పదకొండున్నర కిలోమీటర్ల ప్రత్యేక బస్సు దారిని 2025లో తొలగించడం మొదలుపెట్టారు. చెత్తలోంచి గ్యాసు తీసి, కార్ల మధ్య ఇరుక్కున్న బస్సులో దాన్ని కాల్చడం మాకు మింగుడుపడలేదు.

ప్లాంటు పక్కనే ఇప్పుడు చెట్లున్న చోట ఒకప్పుడు 13 లక్షల టన్నుల చెత్త గుట్టలుండేవి. 2018లో తవ్వి తీశారు, దాదాపు వంద ఎకరాలు తేలింది. పద్ధతి కష్టమైంది కాదు. గుట్టను వరసలుగా పేర్చి, సూక్ష్మజీవుల ద్రావణం చల్లి, తిరగేస్తూ ఎండనిచ్చి, ట్రామెల్ అనే పెద్ద గుండ్రని జల్లెడలో పోయడం. మట్టి ఒకవైపు, ప్లాస్టిక్, గుడ్డలు ఒకవైపు, రాళ్లు ఒకవైపు. ప్లాస్టిక్ సిమెంటు బట్టీలకూ రోడ్లకూ పోయింది. వానాకాలం వస్తే ఆట ముగిసినట్టే, తడి మట్టి జల్లెడ కన్నాలను పూడ్చేస్తుంది. హైదరాబాద్ జవహర్‌నగర్ గుట్టకు మట్టి దుప్పటి కప్పారు, 2020లో పక్కనే 19.8 మెగావాట్ల ప్లాంటు పెట్టి చెత్తను కాల్చి కరెంటు తీయడం మొదలుపెట్టారు. కలిపేసిన చెత్తకు అంతకంటే దారి దొరకదు. కానీ అందులోని తడిని కాల్చడమంటే ముందు నీళ్లు మరిగించడమే. తడిని పులియబెట్టి పొడిని ఏరుకోవడం మేలని చెప్పడానికి హైదరాబాద్‌లోనే బోయినపల్లి కూరగాయల మార్కెట్ ఉంది. హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ రూపొందించిన రియాక్టర్‌తో రోజుకు పది టన్నుల మార్కెట్ చెత్త నుంచి 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల గ్యాసు తీసేలా పెట్టారు. సరుకు ఒక్కచోటే, ఒకే రకంగా దొరకడం అక్కడి బలం. ఇండోర్ ఆ బలాన్ని లక్షల వంటిళ్ల నుంచి కూడగట్టింది.

రాత్రి సరాఫాకు వెళ్లాం. నగల దుకాణాలు మూతపడ్డాక అదే వీధిలో తిండి బళ్లు పెడతారు. భుట్టే కా కీస్ (తురిమిన మొక్కజొన్న వంటకం), గరాడూ (ఒక దుంప వేపుడు), అరచేతి కంటే పెద్ద జిలేబీ. దొప్పలు, పుల్లలు పడేయడానికి బండి దగ్గరే డబ్బాలున్నాయి. గరాడూ మాత్రం వదలకండి.

రెండో రోజు వింధ్య ఘాట్ దిగి నిమాడ్ మైదానంలోకి వెళ్లాం. ఇండోర్ తాగే నర్మద నీరు 70 కిలోమీటర్ల అవతల ఖర్‌గోన్ జిల్లా జలూద్ నుంచి వస్తుంది. 1978 నుంచి వస్తోంది. ఇండోర్ సముద్రమట్టానికి 550 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడి నది దాదాపు 150లో. వెయ్యి లీటర్లను వంద మీటర్లు లేపడానికి కాగితం మీద 0.27 యూనిట్లు చాలు. పంపు, మోటారు కలిపి 70 శాతం పనితనం అనుకుంటే 0.39 యూనిట్లు. నాలుగు వందల మీటర్లకు యూనిట్‌న్నర పైమాటే. గొట్టంలో రాపిడికి మరికొంత కలపాలి. కృష్ణ నీళ్లను కోదండాపురం నుంచి, గోదావరి నీళ్లను ఎల్లంపల్లి నుంచి ఎత్తిపోసుకునే హైదరాబాద్ జలమండలికి ఈ బాధ బాగా తెలుసు.

ఈ బిల్లు తగ్గించుకోవడానికే జలూద్ దగ్గర 60 మెగావాట్ల సౌర విద్యుత్ ప్లాంటు తలపెట్టి, 2023 ఫిబ్రవరిలో ఇండోర్ 244 కోట్ల రూపాయల గ్రీన్ బాండ్లు (పర్యావరణ పనులకు అప్పు తెచ్చుకునే పత్రాలు) అమ్మింది. వడ్డీ 8.25 శాతం, అసలు 3, 5, 7, 9 ఏళ్లకు నాలుగు సమభాగాలుగా. బాండ్లు మనకు కొత్త కాదు, 2018లో జీహెచ్‌ఎంసీ తొలి విడతగా 200 కోట్లు, విశాఖ 80 కోట్లు ఇలాగే తెచ్చుకున్నాయి. అవి పెద్ద సంస్థల మధ్య బేరాలు. ఇండోర్‌వి మామూలు జనం కూడా కొనుక్కోగలిగారు.

నేల చూస్తే రెండు చిక్కులు కళ్లకు కడతాయి. నిమాడ్ ఎండ మధ్యప్రదేశ్‌లోకెల్లా కరుకైనది. వేసవి మధ్యాహ్నం సౌర పలక వేడి 60 డిగ్రీలు దాటుతుంది. 25 దాటిన ప్రతి డిగ్రీకీ దాదాపు 0.4 శాతం చొప్పున దిగుబడి పోతుంది కాబట్టి, బాగా కాసే ఎండలోనే 14 శాతం నష్టం. రెండోది పత్తి చేలు దున్నేటప్పుడు లేచే దుమ్ము. సామర్థ్యంలో ఐదో వంతు సగటున దక్కుతుందనుకుంటే 60 మెగావాట్ల నుంచి ఏడాదికి పదిన్నర కోట్ల యూనిట్లు. పంపులు మాత్రం రాత్రంతా నడవాలి. అందుకని పగటి కరెంటును గ్రిడ్‌కిచ్చి, బిల్లులో తగ్గించుకోవడమే పద్ధతి. నీళ్లు నేరుగా సూర్యుడి మీద నడుస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

తిరుగు ప్రయాణంలో మా మధ్య నడిచిన చర్చంతా లీకుల గురించి. కొండెక్కి వచ్చిన నీళ్లలో వెయ్యి లీటర్లు ఊళ్లో పగిలిన గొట్టంలోంచి మట్టిలోకి ఇంకాయంటే, దాదాపు రెండు యూనిట్ల కరెంటు ఇంకినట్టు. పలకలు పరచడానికి బాండ్లు దొరుకుతాయి, ప్రారంభోత్సవం ఉంటుంది. గల్లీలో రోడ్డు తవ్వి పాత గొట్టం మార్చడానికి ఏ బాండూ పుట్టదు. జలూద్ వెళ్లేవాళ్లు మండలేశ్వర్ మీదుగా మహేశ్వర్ కూడా చూసుకుని రావచ్చు, దగ్గరే. అహల్యాబాయి ఘాట్ మెట్ల మీద కూర్చుంటే ఎదురుగా అదే నర్మద, కొండ ఎక్కకుండా సాగిపోయే నీళ్లు.